ఇటుక గోడలోని చెమ్మ: పూర్వులు నేర్చిన పాఠము

ఈ శతవార్షిక సంచికలో దేవాలయ ప్రతిష్ఠలను గూర్చి, పాఠశాలల స్థాపనను గూర్చి, ప్రభువునందు నిద్రించిన పెద్దలను గూర్చి పలువురు వ్రాస్తున్నారు. మేము గోడలను గూర్చి వ్రాయదలచినాము. మన డయోసిస్‌లోని పాత బంగళాలు, పార్సనేజీలు, పాఠశాల భవనములలో చాలా భాగము కాల్చిన ఇటుకతోను గానుగ సున్నముతోను కట్టినవి. వాటిలో కొన్ని నేటికీ చెక్కుచెదరకుండ నిలిచియున్నవి. మరికొన్నింటిలో గోడలు నెమ్మెక్కి, పూత పెచ్చులు పెచ్చులుగా ఊడి, మూలలలో నల్లని బూజు పట్టి, తలుపు తీయగానే ముక్కవాసన కొట్టుచున్నది. "ఈ పాత కొంప పడగొట్టి కొత్తది కట్టిద్దామండీ" అను మాట ప్రతి పాస్టరేటు కమిటీలోను ఏదో ఒకనాడు వచ్చి తీరును.

పడగొట్టవలెనా, బాగుచేయవలెనా అని ఓటు వేయుటకు ముందు ఆ గోడలోనికి నీరు ఎచ్చటనుండి వచ్చుచున్నదో తెలిసికొనవలెను. ఇటుకతో ఇల్లు కట్టిన ప్రతి జాతికిని ఈ చిక్కు ఎదురైనది. వారందరు కష్టపడి నేర్చుకొనిన పాఠము ఒక్కటే. నీటిని లోపలికి రానీయకుండుట సగము పని. వచ్చిన నీటిని బయటికి పోనిచ్చుట మిగిలిన సగము. ఈ రెండవ సగమును మరచిన కాలములోనే మన గోడలు ఎక్కువగా చెడినవి.

ఇటుక నీరు త్రాగును

ఇటుక రాయివలె కనబడునే గాని, దానినిండ కంటికి కనబడని సన్నని రంధ్రములుండును. ఒక ఇటుకను 24 గంటలు నీటిలో ముంచి తీసినప్పుడు దాని బరువులో నూటికి 20 పాళ్లకు మించి నీరు పీల్చరాదని సాధారణపు ఇటుకలకు భారత ప్రమాణము నియమించినది. అనగా 3 కిలోల ఇటుక 600 గ్రాముల వరకు నీరు త్రాగినను దానిని మంచి ఇటుకగానే లెక్కింతురు. దీపపు వత్తి నూనెను పైకి లాగినట్లు గోడ భూమిలోని తడిని పైకి లాగును.

నీరు ఒంటరిగా రాదు, ఉప్పును వెంటబెట్టుకొని వచ్చును. నీరు గాలికి ఆరిపోవును. ఉప్పు ఇటుకలోనే మిగిలి, పలుకులు కట్టి, ఉబ్బి, ఇటుకను లోపలినుండి పగులగొట్టి పొడిపొడిగా రాల్చును. మన ఇండ్లలో "గోడకు చవుడు పట్టింది" అని చెప్పుకొనునది ఇదే.

ఊరు పట్టణము, మొహెంజొదారో, రోము

ఆదికాండము 11వ అధ్యాయములో బాబెలు గోపురము కట్టినవారు అడుసుకు బదులు మట్టికీలు వాడిరని చదువుచున్నాము. ఆ దేశమునకు అది నిజమైన వాడుకయే. 1922 మొదలు 1934 వరకు లియొనార్డ్ వూలీ దొర త్రవ్వకములు జరిపించిన ఊరు పట్టణములో, నాలుగువేల సంవత్సరములనాటి గొప్ప కట్టడమొకటి నేటికీ ఉన్నది. దాని గర్భము పచ్చి ఇటుక. పైతొడుగు కాల్చిన ఇటుక, మట్టికీలు. మట్టికీలు నీటిని ఆపును. అయినను ఆ తొడుగులో వరుసగా సన్నని రంధ్రములు విడిచిపెట్టియున్నారు. లోపలి పచ్చి ఇటుకలోని చెమ్మ బయటికి పోవుటకు వాటిని ఉంచిరని నిర్మాణ చరిత్రకారులు చెప్పుచున్నారు. అబ్రాహాము బయలుదేరిన పట్టణముగా మనము ఎరిగిన ఆ చోట కట్టుబడివారికి ఈ పాఠములోని రెండు సగములును తెలిసియుండెను.

సింధు లోయలోని మొహెంజొదారోలో గొప్ప స్నానవాటికను ఇటుకలు నిలువంచున పేర్చి, జిప్సం అడుసుతో అతికి, వెనుక మట్టికీలు పొర వేసి కట్టిరి. నీటిని గూర్చి అంత ఎరిగినవారి పట్టణము వేల సంవత్సరములు మట్టిలో నిలిచి, త్రవ్వి పైకి తీసిన తరువాత ఉప్పు చేత చిక్కినది. 1932లో సుక్కూరు ఆనకట్ట పూర్తియై కాలువల సేద్యము పెరిగిన తరువాత ఆ ప్రాంతమున భూమిలోని నీటిమట్టము పైకి వచ్చినది. నీరు గోడలలోనికి ఎక్కినది, ఉప్పు పేలినది, ఇటుకలు పిండియైపోసాగినవి. 1974లో యునెస్కో ఆ శిథిలములను కాపాడుటకు అంతర్జాతీయ ఉద్యమము ప్రారంభించినది. అచ్చటివారు వాడిన ఉపాయములలో ఒకటి మట్టిపూత. ఉప్పు ఇటుకలో పేలక పైనున్న మట్టిలో పేలును. చెడిన మట్టిని తీసివేసి మరల పూయుదురు. కాలువల ప్రక్క కాపురముండు మన డెల్టావారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు.

క్రీస్తు పూర్వము మొదటి శతాబ్దములో రోమా శిల్పి విట్రూవియస్ తన శిల్పగ్రంథపు ఏడవ భాగములో చెమ్మగోడలను గూర్చి ప్రత్యేకముగ వ్రాసినాడు. నేలనుండి 3 అడుగుల ఎత్తువరకు ఇసుకకు బదులు కాల్చిన పెంకుల పొడిని సున్నములో కలిపి పూయవలెనని, గోడ అంతయు చెమ్మగా ఉన్నయెడల దానికి కొంచెము ఎడముగా లోపలి వైపు మరియొక పలుచని గోడ లేపి, రెంటిమధ్య కాలువ త్రవ్వి, క్రింద పైన గాలి కన్నములు విడువవలెనని చెప్పినాడు. ఆ పెంకుల పొడిని మన తాపీ మేస్త్రీలు సుర్కీ అందురు.

యాజకుని తనిఖీ

ఇల్లు తనిఖీ చేయు క్రమము లేవీయకాండము 14వ అధ్యాయములో కనబడుచున్నది. అచ్చట చెప్పిన ఇల్లు ఇటుకది కాదు, రాతితో, మట్టితో కట్టినది. గోడమీద పచ్చని లేక ఎర్రని చారలు కనబడి, అవి గోడలోనికి దిగినట్లు తోచినయెడల ఇంటివాడు యాజకునికి కబురంపవలెను. యాజకుడు రాకమునుపే సామానంతయు బయట పెట్టవలెను. అతడు చూచి, ఏడు దినములు ఇల్లు మూయించి, మరల వచ్చి చూచును. పొడ వ్యాపించియుంటే ఆ రాళ్లను ఊడదీయించి, గోడల పూత గీకించి, ఆ చెత్తను ఊరి వెలుపల పారవేయించి, వేరే రాళ్లు పెట్టించి కొత్త పూత వేయించును. అది మరల బయటపడితే అప్పుడే ఇల్లు పడగొట్టవలెను. పడకపోతే ఇల్లు పవిత్రమని ప్రకటించును.

ఆ పొడ నేటి బూజేనా అను చర్చను ఇక్కడ ఎత్తము. మేము చూపదలచినది దానిలోని వరుసను మాత్రమే. ఖాళీ చేయుట, చూచుట, ఆగుట, మరల చూచుట, చెడినంతవరకే తీయుట, కొత్తది వేయుట, మూడవసారి చూచుట. పడగొట్టుట చిట్టచివరి మాట. నేటి ఇంజినీరుకు కూడ ఇంతకంటె మంచి వరుస లేదు.

మన దేశపు సున్నపు పని

మద్రాసు సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీస్ దేవాలయము 1680లో ప్రతిష్ఠింపబడినది. మందమైన ఇటుక గోడలు, ఇటుక కమానుల కప్పు గల ఆ ఆలయము సముద్రపు గాలికి ఎదురుగా మూడు శతాబ్దములకు పైగా నిలిచియున్నది. మిషనెరీ దొరలు వచ్చునప్పటికే ఈ దేశపు పనివారికి సున్నము గుట్టు తెలియును. గవ్వలను, సున్నపురాతిని కాల్చి, ఎద్దుల గానుగలో ఇసుకతోను సుర్కీతోను మెత్తగా నూరి, బెల్లపు నీరు, కరక్కాయ నీరు కలిపి వాడెడివారు. మద్రాసు టెర్రసు అను మిద్దె కప్పు మీద టేకు దూలములకు అడ్డముగా పలుచని ఇటుకలు నిలువంచున పేర్చి, దానిపై ఇటుక ముక్కలు, సున్నము కలిపి పరచి, కూలి స్త్రీలు వరుసగా కూర్చుండి చెక్క బద్దలతో దినముల తరబడి కొట్టి గట్టిపరచెడివారు. దానిమీద పలుచని పెంకు బిళ్లలు అతికించెడివారు.

వాలు కప్పులకు మంగుళూరు పెంకు వచ్చినది. బేసెల్ మిషనుకు చెందిన గియోర్గ్ ప్లెబ్స్ట్ 1865లో మంగుళూరులో పెంకు కార్ఖానా స్థాపించినాడు. ఒకదానిలో ఒకటి కొక్కెమువలె పట్టుకొను ఆ పెంకులు నీటిని చూరుకు తరిమివేయును, సందుల గుండ గాలిని ఆడనిచ్చును. పాత బంగళాల చుట్టు వెడల్పు వరండాలు, ముందుకు చాచిన చూరులు, ఎత్తైన అరుగులు అందము కొరకు మాత్రమే కట్టినవి కావు. వాన గోడను తాకకుండుటకు, తాకినది త్వరగా ఆరుటకు కట్టినవి.

ఆ గోడ నీరు త్రాగదని ఎవరును అనుకొనలేదు. వానకాలములో త్రాగి ఎండకాలములో విడిచిపెట్టునని ఎరిగి కట్టిరి. సున్నపు పూత ఇటుకకంటె మెత్తనిది, ఊపిరాడునది. చవుడు పేలితే పూతలోనే పేలును. ఏటేట సున్నము కొట్టుట పండుగ ముస్తాబుగానే కనబడినను, అది గోడకు మరమ్మతు కూడ.

సిమెంటు వచ్చినది

ఇంగ్లండులో 1666 నాటి లండను అగ్నిప్రమాదము తరువాత 1667 చట్టము ఇండ్లను ఇటుకతో గాని రాతితో గాని కట్టవలెనని శాసించినది. ఇటుక ఇండ్లు పెరిగినవి, చెమ్మ జబ్బులును పెరిగినవి. 1875 ప్రజారోగ్య చట్టము తరువాత, 1877లో వెలువడిన నమూనా ఉపనిబంధనలు గోడ అడుగున పలకరాయి వంటి నీరు పీల్చని పొర నొకటి వేయవలెనని చెప్పినవి. మన మేస్త్రీలు డి.పి.సి. అనునది దీనినే. అంతకుముందు కట్టిన గోడలలో చాలావాటికి ఈ పొర లేదు. మన పాత బంగళాలలో కూడ పెక్కింటికి లేదు. తరువాత రెండు పొరల గోడలు, నడుమ ఖాళీ, అడుగున నీరు కారుటకు చిన్న కన్నములు వచ్చినవి. ఇది విట్రూవియస్ చెప్పినదానికి దగ్గరి చుట్టము.

లీడ్స్ పట్టణపు తాపీపనివాడు జోసెఫ్ ఆస్ప్‌డిన్ 1824లో పోర్ట్‌లండ్ సిమెంటుకు పేటెంటు పొందినాడు. మన దేశములో 1904లో మద్రాసులో సిమెంటు తయారీకి ప్రయత్నము జరిగినది, 1914లో పోరుబందరులో కార్ఖానా నిలద్రొక్కుకొన్నది. స్వాతంత్ర్యము తరువాత సిమెంటు పల్లెలకు చేరినది. గానుగలు మూలబడినవి, గానుగ సున్నము నూరు చేతులు తగ్గినవి. సిమెంటును మేము నిందించుట లేదు. ఆనకట్టలు, వంతెనలు, తుపాను ఆశ్రయములు దానివలననే సాధ్యమైనవి. అయితే పాత సున్నపు గోడమీద సిమెంటు పూత వేయుట వేరు సంగతి.

సిమెంటు పూత గట్టిది, బిగువైనది. భూమినుండి ఎక్కిన తడి ఇదివరకు అడుగు ఎత్తులోనే పూతగుండ ఆరిపోయెడిది. ఇప్పుడు దారి మూసుకొనుటచేత ఇంకను పైకి ఎక్కును. మోకాలి ఎత్తు చెమ్మ రొమ్ము ఎత్తుకు చేరును. వెనుక ఇటుక మెత్తబడి, రెండు మూడేండ్లకు పూత పలకలు పలకలుగా ఊడును. అప్పుడు మరింత గట్టి పూత వేయుదురు, పైన నీరు పట్టని రంగు వేయుదురు. పుండు కడుగక కట్టు బిగించినట్లుండును.

మేము పరిచర్య చేసిన ఒక డెల్టా పట్టణములోని పార్సనేజికి పదిహేనేండ్లలో మూడుసార్లు ఇట్లే జరిగినది. మూడవసారి పడగొట్టుటకు అంచనా కూడ తయారైనది. ఇంటి చుట్టు త్రవ్వి చూడగా, వీధికి ఏటేట రోడ్డు మీద రోడ్డు వేయుటచేత బయటి నేల లోపలి గచ్చుకంటె జానెడు పైకి వచ్చియున్నది. వంటయింటి తూము నీరు పునాది ప్రక్కనే ఇంకుచున్నది. కమిటీవారు కాలువ త్రవ్వించి, సిమెంటు పూత నాలుగడుగుల ఎత్తువరకు ఊడదీయించి, ఒక వేసవి, ఒక వానకాలము, మరియొక వేసవి గోడను అట్లే వదలినారు. అతిథులు వచ్చినప్పుడు ఆ బోసిగోడను చూచి ముఖము చిట్లించినవారున్నారు. తరువాత సున్నపు పూత వేసిరి. పడగొట్టుటకు వేసిన అంచనాలో పదవ వంతుకు మించి ఖర్చు కాలేదు. ఆ ఇంట నేడును పాస్టరుగారి కుటుంబము కాపురమున్నది.

చూచు క్రమము

మొదట మచ్చ ఎచ్చటనున్నదో చూడవలెను. నేలనుండి పైకి ఎక్కి, సుమారు 3 అడుగుల లోపల అలవంటి గీతతో, తెల్లని ఉప్పుతో ఆగితే అది భూమి తడి. పైనుండి క్రిందికి దిగితే కప్పును, పిట్టగోడను, నీరు పోవు తూమును చూడవలెను. పిట్టగోడలో మొలచిన చిన్న రావి మొక్క పెద్ద దొంగ. కిటికీ చుట్టు మచ్చ ఉంటే పైన సజ్జా పగిలినదేమో చూడవలెను. గోడ నడుమ ఒక్కచోటనే ఉండి వానతో నిమిత్తము లేక ఏడాది పొడుగున తడిగా ఉంటే లోపలి నీటి గొట్టమును అనుమానించవలెను.

గదిలోని ఆవిరివలన కూడ చల్లని గోడ చెమర్చును. సందేహమున్నచో ఒక ప్లాస్టిక్ కాగితమును అంచులన్నియు అంటుకొనునట్లు గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచవలెను. గదివైపు తడి పట్టితే అది గాలిలోని తడి. గోడవైపు పట్టితే గోడలోని తడి. తాపీ పిడితో పూతమీద తట్టితే ఊడిన చోట బోలు శబ్దము వినబడును. గోడలో దిగిన దూలముల కొనలను ఉలితో గుచ్చి చూడవలెను, తడికి చీకిన కర్రకు చెదలు త్వరగా పట్టును. తడిగోడలో స్విచ్చి బోర్డు ఉంటే ముందుగ మెయిను తీసివేయవలెను. అన్నిటికంటె ముఖ్యముగ, వాన కురియుచుండగా గొడుగు పట్టుకొని ఇంటి చుట్టు ఒకసారి తిరుగవలెను. ఎండకాలములో చేసిన తనిఖీ ఈ ఒక్క వానంత చెప్పదు.

బాగుచేయు క్రమము

పని ఇంటి బయటనే మొదలు కావలెను. చుట్టునున్న నేలను గోడకు దూరముగ వాలు చేయవలెను. మన్ను మేట వేసియుంటే లోపలి గచ్చుకంటె కనీసము ఆరంగుళములు క్రిందికి తీయించవలెను. కాలువను, కప్పును, తూములను సరిచేయవలెను. పెంకులు జారియుంటే సర్దించవలెను. తరువాతనే గోడను ముట్టవలెను.

చెడిన పూతను మచ్చకు ఒక అడుగు పైవరకు తీయించవలెను. తెల్లని ఉప్పును పొడి కుంచెతో దులిపి బయట పారవేయవలెను గాని నీటితో కడుగరాదు, కడిగిన ఉప్పు మరల గోడలోనికే పోవును. పొడియైన ఇటుకలను కొన్ని కొన్నిగా తీసి కొత్తవి పెట్టవలెను. డి.పి.సి. లేని గోడకు అది వేయదలచినయెడల ఇంజినీరుగారిని అడిగి, రెండు మూడడుగుల పొడవు చొప్పున, ఒక భాగము విడిచి ఒక భాగముగ కోయించవలెను. ఒకేసారి కోస్తే గోడ కూర్చుండును.

ఆ తరువాత ఆగవలెను. గోడ మందములో అంగుళమునకు ఒక నెల ఆరుటకు పట్టునని పాత మేస్త్రీల లెక్క. తొమ్మిదంగుళముల గోడకు తొమ్మిది నెలలు, పద్దెనిమిదంగుళముల బంగళా గోడకు ఏడాదిన్నర. కమిటీలకు కష్టమైన భాగము ఇదే. క్రిస్మసుకు ముందు రంగులు వేయించి చూపవలెనని అందరికి ఆత్రుత. తడిగోడకు వేసిన ఏ పూతయు నిలువదు. గోడ ఆరిన తరువాత సున్నము, ఇసుక, సుర్కీలతో పూసి, పైన సున్నమే కొట్టవలెను.

తీర ప్రాంతములవారికి ఒక మాట. 1864 నవంబరు 1న మచిలీపట్నమును సముద్రము ముంచినప్పుడు సుమారు 30,000 మంది, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనలో సుమారు 10,000 మంది ప్రాణములు కోల్పోయిరి. ఆ దుఃఖము ముందు గోడల మాట చిన్నది. అయినను ఉప్పునీట మునిగిన ఇటుక గోడ ఏండ్ల తరబడి చవుడు కక్కుచునే ఉండును. అట్టి ఇంటికి మెత్తని సున్నపు పూత వేసి, చెడినప్పుడెల్ల తీసి, మరల వేయుటయే మందు. రెండు మూడు పూతలు ఉప్పును పీల్చి పోయిన తరువాత గోడ తేరుకొనును.

సంఘములకు మనవి

నూరేండ్ల క్రితపు గోడలను కట్టినవారి పేర్లలో చాలావరకు మన రిజిస్టర్లలో లేవు. సున్నము నూరినవారు, కప్పు కొట్టిన స్త్రీలు, ఇటుక మోసిన పిల్లలు మన సంఘస్థుల తాతముత్తాతలే. వారి చేతిపని ఆ గోడలలోనే ఉన్నది. ప్రతి పాస్టరేటు కమిటీ ఒక పుస్తకము పెట్టి, ఏ గోడకు ఏ నెలలో ఎంత ఎత్తు చెమ్మ ఎక్కినది, ఎప్పుడు ఏమి పూసినారు అని వ్రాసి ఉంచవలెనని మా మనవి. పాస్టర్లు బదిలీ అగుదురు, కమిటీలు మారును, పుస్తకము మిగులును. కొన్ని ఇండ్లు నిజముగానే పడగొట్టదగినవై ఉండవచ్చును. పునాది క్రుంగి, గోడ ఒరిగి, ఇంజినీరుగారు ప్రమాదమని వ్రాసి ఇచ్చినచో సందేహింపక దింపవలెను. మిగిలినవాటి విషయములో తీర్మానము వ్రాయకముందు కాలువ త్రవ్వించి, పూత తీయించి, గోడకు ఒక ఏడాది గడువు ఇవ్వండి. వచ్చే వానకాలమునకు ముందే తూములు చూడండి.